ముఖం కనిపిస్తుంది, మనసు కనిపించదు

దివ్యఖుర్‌ఆన్ 'హుజురాత్' సూరా 11, 12 ఆయతులలో అల్లాహ్ విశ్వాసులకు కలిసి బ్రతికే మర్యాదలను నేర్పాడు. ఒకరినొకరు ఎగతాళి చేయరాదని పురుషులనూ, స్త్రీలనూ వేర్వేరుగా ప్రస్తావించి మరీ వారించాడు. చెడ్డపేర్లు పెట్టి పిలవరాదన్నాడు. అతిగా అనుమానించవద్దనీ, కూపీలు తీయవద్దనీ ఆజ్ఞాపించాడు. పరోక్షనిందను చనిపోయిన సోదరుని మాంసం తినటంతో పోల్చాడు. ఈ ఆయతులను మనం పఠిస్తూనే ఉంటాం. అయితే ఫోనులో ఒక అపరిచితుని ఫోటో కనబడినప్పుడు ఇవి మనకు గుర్తుకు వస్తున్నాయా?

ప్రపంచమంతా చూసిన ఒక ఫోటో ఉదంతం ఇక్కడ చెప్పుకోదగినది. పాకిస్తాన్‌లోని పెషావర్ సమీపాన నాసిర్ బాగ్ కాందిశీకుల శిబిరం ఉండేది. 1984లో అక్కడ గుడారంలో నడుస్తున్న ఒక బడిలో అమెరికా ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెకరీ ఒక అఫ్ఘాన్ బాలికను ఫోటో తీశాడు. 1985 జూన్‌లో అది 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ముఖచిత్రమైంది. ఆ పచ్చని కళ్లలో భయం ఉందని కొందరు, యుద్ధం చేసిన గాయం ఉందని కొందరు, ధిక్కారం ఉందని మరికొందరు చెప్పుకున్నారు. ఇన్ని మాటలు చెప్పిన లోకానికి దాదాపు పదిహేడేళ్లపాటు ఆమె పేరైనా తెలియదు!

2002లో ఆమె ఆచూకీ దొరికింది. పేరు షర్బత్ గులా. అప్పటివరకు ఆమె ఆ ఫోటోను చూడనే లేదు. ఆ రోజు తనకు కోపం వచ్చిందని, తీసినవాడు పరాయివాడని, అంతకుముందు తననెవరూ ఫోటో తీయలేదని ఆమె గుర్తు చేసుకున్నారు. ఆమె ఆ బాలికేనా అని నిర్ధారించటానికి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ డాగ్‌మన్ పాత ఫోటోలోని కళ్లను కొత్త ఫోటోలలోని కళ్లతో కంప్యూటర్ సాయంతో పోల్చి చూశారు. ఆమె ఎవరన్నది ఆ కళ్లు చెప్పాయి. ఆమె మనసులో ఏముందన్నది మాత్రం ఆమె నోరు విప్పేదాకా ఎవరికీ తెలియలేదు.

దైవప్రవక్త (స) శిక్షణ కూడా ఇదే. ఒక యుద్ధంలో శత్రుపక్షపు మనిషి, కత్తి మీదికి రాగానే కలిమా పలికాడు. ప్రాణభయంతోనే పలికాడని భావించి హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) అతణ్ణి హతమార్చారు. ఈ సంగతి తెలిసి ప్రవక్త (స), అతని గుండె చీల్చి చూశావా అని నిలదీశారు. కళ్లెదుట నిలబడి మాట్లాడిన మనిషి అంతరంగాన్ని నిర్ణయించే అధికారమే ఒక సహాబీకి లేనప్పుడు, ఫోటోలోని మనిషి అంతరంగంపై మనకు ఎక్కడిది?

పైగా ఫోటో అన్నది సెకనులో వందో వంతు కాలపు ముచ్చట. దీపం నడినెత్తిన ఉంటే కళ్ల కింద నీడలు పడి, ఉల్లాసంగా ఉన్నవాడు కూడా దిగులుగా కనిపిస్తాడు. కెమెరాను కింది నుంచి పట్టుకుంటే వినయశీలి సైతం గర్విష్ఠిలా అగుపిస్తాడు. ఫోనును మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదవుతుంది. మనం 'స్వభావం' అనుకుని చదివేది తరచుగా దీపం చేసిన పని, కటకం చేసిన పని.

ఈ సంగతి ఫోటోగ్రాఫర్లకు బాగా తెలుసు. 2004లో ఫ్లికర్ వచ్చిన తొలి రోజులలో అక్కడ కూడిన ఫోటో అభిమానులు వెలుతురు ఎటు నుంచి పడింది, వెనుక దృశ్యం కుదిరిందా అని చర్చించుకునేవారు. విమర్శ తీసినవాని పనిపై ఉండేది. 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది. ఫోను కెమెరా అందరి చేతికీ అందింది. లైకుల లెక్క మొదలైంది. క్రమంగా విమర్శ ఫోటోను వదిలి ఫోటోలోని మనిషి మీదికి మళ్లింది. ఆమె రంగు, ఒళ్లు, హిజాబ్, నవ్వు అన్నీ తీర్పుకు నిలబడుతున్నాయి. 2021 జూలైలోనూ, 2022 జనవరిలోనూ మన దేశంలో ముస్లిం మహిళల ఫోటోలను దొంగిలించి ఇంటర్నెట్‌లో 'వేలం' పెట్టిన నీచకార్యాన్ని మనమందరం ఖండించాం. ఖండించటం న్యాయం. మరి మన ఇళ్లలో జరుగుతున్నదాని మాటేమిటి?

వివాహ సంబంధం కోసం ఒక తండ్రి తన కుమార్తె ఫోటోను నమ్మకంతో పంపుతాడు. అది అమానతు. అది వదినకు, పిన్నికి, వారి నుంచి వాట్సాప్ గ్రూపుకు చేరుతుంది. 'చామనఛాయ', 'ముఖంలో కళ లేదు', 'పొగరుబోతులా ఉంది' అన్న మాటలు తోడవుతాయి. సంబంధం వద్దనుకున్న తర్వాత కూడా ఆ ఫోటో పది ఫోన్లలో మిగిలిపోతుంది. ఆ అమ్మాయి సహనం, నమాజు, చదువు, తల్లికి చేసే సేవ ఏ ఫోటోలో కనిపిస్తాయి?

హజ్రత్ ముగీరా బిన్ షుఅబా (రజి) ఒక స్త్రీని వివాహమాడదలచినప్పుడు, ఆమెను చూడమనీ, దానివల్ల ఇద్దరి మధ్య అనురాగం నిలుస్తుందనీ ప్రవక్త (స) సలహా ఇచ్చారు. చూడటం ధర్మసమ్మతమే. మర్యాదగా, పెద్దల సమక్షంలో మనిషిని చూడాలి. ఫోటోను ఊరంతా తిప్పటం ఆ సున్నత్ కాదు. ఫోటోల విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. అయితే ఫోటో చూసి మనిషిని అవమానించటం ధర్మసమ్మతమన్న ఆలిమ్‌ను మేము ఎరుగము.

కనుక సోదర సోదరీమణులారా! పరాయి ఫోటో కనబడినప్పుడు చూపును, నాలుకను, వేలిని అదుపులో ఉంచుకుందాం. నమ్మి పంపిన ఫోటోను అడగాల్సినవారికే చూపి, సంబంధం కుదరకపోతే తొలగించి, ఆ మాట వారికి తెలియజేద్దాం. తిరస్కరించినా కారణంగా రూపాన్ని ఎత్తిచూపవద్దు. అల్లాహ్ మన రూపాలనూ, సంపదలనూ కాక హృదయాలనూ, ఆచరణలనూ చూస్తాడని ప్రవక్త (స) తెలియజేశారు. ఇతరుల గౌరవాన్ని మన గౌరవంలా కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.