కోపం కుర్రాళ్ల మీద ఎందుకు?

సన్‌రైజర్స్ హైదరాబాద్ ఓడినప్పుడల్లా అభిమానుల కోపం ముందుగా కుర్రాళ్ల మీదికే పోతుంది. 2025 మార్చి 30న విశాఖ మధురవాడ స్టేడియంలో ఢిల్లీ పేసర్ స్టార్క్ ఐదు వికెట్లు తీశాడు. విశాఖ బిడ్డ నితీశ్ కుమార్ రెడ్డి సొంతగడ్డపై సున్నాకే వెనుదిరిగాడు. కానీ ఆ రోజు జట్టు చేసిన 163 పరుగుల్లో 74 అనికేత్ వర్మవి, అతనూ కుర్రాడే. కాబట్టి అడగాల్సింది వయసు గురించి కాదు, పక్కన ఎవరున్నారని. 2021లో సన్‌రైజర్స్ 14 మ్యాచ్‌ల్లో మూడే గెలిచి అట్టడుగున నిలిచింది. సీజన్ మధ్యలోనే వార్నర్‌ను కెప్టెన్సీ నుంచి తప్పించారు, ఆ తర్వాత రషీద్ ఖాన్ కూడా వెళ్లిపోయాడు. కుర్రాళ్లైన సమద్, ఉమ్రాన్ మాలిక్‌లను మాత్రం నాలుగేసి కోట్లకు అట్టిపెట్టుకున్నారు. అభిమానులు మండిపడటం న్యాయమే, అయితే నేరం ఆ ఇద్దరిది కాదు, పెద్దదిక్కును వదులుకున్న యాజమాన్యానిది. 2023లో మళ్లీ చివరి స్థానం. మరుసటి ఏడాది కమిన్స్ కెప్టెన్‌గా, హెడ్ ఓపెనర్‌గా వచ్చారు. క్లాసెన్ ఎలాగూ ఉన్నాడు. అంతవరకు బ్యాటింగ్ వరుసలో పైకీ కిందికీ తిరిగిన అభిషేక్ శర్మకు హెడ్ పక్కన స్థిరమైన చోటు దొరికింది, 484 పరుగులొచ్చాయి. నితీశ్ 303 కొట్టి ఆ ఐపీఎల్‌లో ఉత్తమ వర్ధమాన ఆటగాడయ్యాడు. జట్టు ఫైనల్‌కు చేరింది. తను ఔటైనా ఇన్నింగ్స్ నిలబెట్టే పెద్దవాడు వెనక ఉన్నాడన్న ధీమా ఉంటేనే ఇరవై ఏళ్ల కుర్రాడు తెగించి ఆడగలడు. వేలంలో యాజమాన్యం ముందుగా కొనాల్సింది ఆ ధీమానే.