తాళంచెవి మన దగ్గర, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర?

మా బస్తీ షాదీఖానా మేడమీద గదికి నాలుగు నెలలు తాళం పడింది. ఆ గదిలో పది కంప్యూటర్లు ఉన్నాయి. రెండేళ్ల క్రితం ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసి, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు పంపిన పైసలు కలిపి పెట్టుకున్న గది అది. అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఆడపిల్లలు అక్కడే టైపింగ్ నేర్చుకునేవాళ్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపుకునేవాళ్లు.

ఒకరోజు రెండు మిషన్లు సర్వర్ దొరకడం లేదన్నాయి. వారం తిరిగేసరికి పదింటిదీ అదే మాట. మరమ్మతుకు వచ్చే మనిషి పైపైన చూసి, "పాత మాల్ సాబ్, బోర్డులు పోయాయి. కొత్తవి కొనుక్కోండి" అన్నాడు. కొనేందుకు ఖజానాలో ఏముంది? సదర్ సాబ్ తాళం వేసేశారు. ఆ నాలుగు నెలలూ పిల్లలు ప్రతి ఫారానికీ నెట్ సెంటర్‌లో డబ్బులు కట్టారు. ఇంట్లో పంపని పిల్లలు ఫారమే మానేశారు. అసలు నుక్సాన్ అది.

మొన్న డిప్లొమా చదివే మా భాంజీ సెలవులకు వచ్చింది. "మామూ, ఒక్కసారి చూస్తాను, తాళం తీయించండి" అంది. ఒక మిషన్ ఆన్ చేసి, నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి, అక్కడున్న నంబరు కాగితం మీద రాసుకుంది. తర్వాత సర్వర్ నంబరు చూసింది. కిందికి దిగి, హాలులో కొత్తగా పెట్టిన వైఫై డబ్బా నుంచి మేడమీదికి పోయే తీగ పీకేసింది. పది మిషన్లూ ఆపి మళ్లీ ఆన్ చేస్తే పదీ లేచాయి. పావుగంట పని. ఖర్చు సున్నా.

"మిషన్లకి బీమారీ ఏం లేదు మామూ. వాటికి గలత్ అడ్రసు దొరికింది, అంతే" అంది.

ఈ మిషన్లని థిన్ క్లయింట్లంటారు. పాన్‌దాన్ అంత డబ్బా. పని జరిగేదీ, పిల్లల ఫైళ్లు దాచేదీ గది మూలనున్న సర్వర్‌లో. ఈ డబ్బా కీబోర్డునీ తెరనీ ఆ సర్వర్‌కి కలుపుతుంది. మన తాహతుకి ఇవే సరైనవి. కంపెనీలు వాడి తీసేసినవి సస్తాలో దొరుకుతాయి, పది పదిహేను వాట్ల కరెంటుతో నడుస్తాయి. కానీ సర్వర్ దాకా దారి దొరక్కపోతే ఆ డబ్బా ఒట్టి డబ్బానే.

ఆ దారి నాలుగైదు నంబర్ల మీద నడుస్తుంది. ఐపీ అడ్రసంటే ఆ మిషన్ ఇంటి నంబరు. సబ్‌నెట్ మాస్క్ మొహల్లా సరిహద్దు చెబుతుంది. గేట్‌వే మొహల్లా దాటి బయటికి పోయే దర్వాజా. పేరు చెబితే అడ్రసు చెప్పేది డీఎన్ఎస్. వీటికి తోడు సర్వర్ అడ్రసు. ప్రతి మిషన్‌లో ఇవన్నీ చేత్తో నింపొచ్చు. లేదా డీహెచ్‌సీపీ అనే పద్ధతితో వాటంతట అవే అందేలా చేయొచ్చు. 1993 నుంచీ ఉన్న పద్ధతే, కొత్త వింత కాదు.

దావత్‌లో మెహమాన్లను దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోబెట్టే మనిషి ఒక్కడే ఉండాలి కదా. ఇద్దరుంటే ఒకడు ఇటు రమ్మంటాడు, ఇంకొకడు అటు పొమ్మంటాడు. మా గదిలో జరిగింది అదే. మా సర్వర్ నంబరు 192.168.10.5. అది తన మొహల్లా నంబర్లే పంచేది. వైఫై డబ్బా తీగని ఎవరో మేడమీది స్విచ్‌లో గుచ్చేసరికి, అదీ అడ్రసులు పంచడం మొదలుపెట్టింది. ఇళ్లలో వాడే రౌటర్లు చాలావరకు ఆ ఆదత్‌తోనే వస్తాయి. ముందు ఎవరు జవాబిస్తే మిషన్ వాళ్ల మాటే వింటుంది. 192.168.1.23 అని నంబరు తీసుకున్న మిషన్, పది సిరీస్‌లో ఉన్న సర్వర్‌ని ఎలా కలుస్తుంది?

గల్తీ ఆ మరమ్మతు మనిషి ఒక్కడిదే అంటే నేను ఒప్పుకోను. సర్వర్ నంబరెంతో కమిటీలో ఒక్కరికీ తెలియదు. పాస్‌వర్డ్ మొదట బిగించినతను తన ఫోన్‌లో రాసుకుపోయాడు. మా భాంజీ అతనికి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. గది మనది, చందా మనది, బీరువా తాళంచెవి మన జేబులో ఉంది. అసలు తాళంచెవి మాత్రం పరాయి మనిషి దగ్గర. దీన్ని నేను మజ్బూరీ అనను, బేపర్వాయీ అంటాను.

"పిల్లలు కెలికితే ఉన్నది కాస్తా పాడవుతుంది" అని పెద్దలంటారు. సర్వర్ విషయంలో ఆ భయం జాయిజే. తెలియకుండా దాని జోలికి పోకూడదు, బ్యాకప్ లేకుండా అసలే పోకూడదు. థిన్ క్లయింట్ సంగతి వేరు. అందులో పోగొట్టుకునేంత సామాను లేదు. మార్చే ముందు పాత నంబర్లు కాగితం మీద రాసుకుంటే, తప్పు జరిగినా మళ్లీ అవే పెట్టుకోవచ్చు.

"అందరి దగ్గరా ఫోన్లున్నాయిగా, ఈ గదెందుకు" అనేవాళ్లూ ఉన్నారు. ఈఏపీసెట్ అయినా జేఈఈ మెయిన్ అయినా కంప్యూటర్ ముందు కూర్చుని రాసేవే. జీవితంలో మొదటిసారి మౌస్ పట్టుకోవడం పరీక్ష హాలులోనే అయితే, ఆ పిల్ల ప్రశ్నలతో లడాయి చేయాలా, మౌస్‌తోనా?

ఇలాంటి గది ఉన్న ప్రతి బస్తీ కమిటీకీ నా గుజారిష్ ఇది. సర్వర్ అడ్రసు, మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్ పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. పాస్‌వర్డ్ గోడ మీద వద్దు. హిసాబ్ రిజిస్టర్‌లో రాసి బీరువాలో పెట్టండి, ఇద్దరికి తెలిసి ఉండాలి. సర్వర్‌కి మారని నంబరే ఉంచండి. అడ్రసులు పంచే జిమ్మెదారీ ఒక్క చోటే ఉంచండి. అడగకుండా స్విచ్‌లో ఎవరూ తీగ గుచ్చకూడదు.

మిషన్ మొరాయిస్తే ముందు తీగ దగ్గర లైటు వెలుగుతోందా చూడండి. తర్వాత అడ్రసు చూడండి. 169.254తో మొదలైతే దానికి ఎవరూ అడ్రసు ఇవ్వలేదని అర్థం. వేరే సిరీస్ నంబరుంటే మధ్యలో ఇంకెవరో ఇస్తున్నారు. నంబరు సరిగానే ఉండి పని జరగకపోతే సర్వర్ ఆగిందేమో చూడండి. ఇంత చూశాకే మరమ్మతుకు పైసలు తీయండి.

ఈ చూసే పని ఏటా ఇద్దరు ఆడపిల్లలకు అప్పగించండి. వెళ్లేముందు వాళ్లు తర్వాతి ఇద్దరికి నేర్పి వెళ్తారు. మా దగ్గర ఇంటర్ చదివే ఇద్దరు మొదలుపెట్టారు. పోయిన జుమేరాత్ నాడు ఒక మిషన్ మళ్లీ మొరాయించిందట. నాకు కబురు రాలేదు, సదర్ సాబ్‌కీ రాలేదు. రిజిస్టర్‌లో ఒక్క లైను రాసి ఉంది: "ఏడో నంబరు మిషన్, తీగ వదులైంది, బిగించాం."