కొయ్యకాళ్లకు నిప్పు: రూ.30 వేల జరిమానా మనకూ పడుతుందా?

వరి కోతలయ్యాక కొయ్యకాళ్లు కాలిస్తే రూ.30 వేలు జరిమానా అని వార్తల్లో వింటున్నాం. అది మనకూ వర్తిస్తుందా? వర్తించకపోతే కాల్చవచ్చా? రెండింటికీ జవాబు లేదు అనే.

ఆ జరిమానా ఎక్కడిది?

2024 నవంబరులో కేంద్రం పాత జరిమానాలను రెట్టింపు చేసింది. 2 ఎకరాల లోపు రైతుకు రూ.5 వేలు, 2 నుంచి 5 ఎకరాలకు రూ.10 వేలు, 5 ఎకరాలు దాటితే రూ.30 వేలు. ఇవి ఢిల్లీకి, దానిని ఆనుకుని ఉన్న పంజాబ్, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలకే పరిమితం.

మనకు వర్తించేవి

• 1981 వాయు కాలుష్య చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నియంత్రణ ప్రాంతంగా ప్రకటించిన చోట రాష్ట్ర ప్రభుత్వం బహిరంగ దహనాన్ని నిషేధించవచ్చు.

• నిర్లక్ష్యంగా నిప్పు పెట్టి ఇతరులకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 287 కింద 6 నెలల వరకు జైలు, లేదా రూ.2 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పక్క రైతు గడ్డివాము, డ్రిప్ పైపులు కాలిపోతే నష్టపరిహారం అడిగే హక్కు అతనికి ఉంటుంది.

• చెత్తను బహిరంగంగా కాల్చడంపై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధం విధించింది. జరిమానా రూ.5 వేలు, పెద్ద మొత్తంలో కాలిస్తే రూ.25 వేలు. పాత మల్చింగ్ షీట్లు, ఎరువుల సంచులు చెత్తతో కలిపి తగలబెట్టకండి.

జరిమానా లేకున్నా నష్టమే

టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. బూడిదలో మిగిలిన పొటాష్‌లో కొంత గాలికి, వానకు కొట్టుకుపోతుంది. పై మట్టిలోని సూక్ష్మజీవులు చస్తాయి.

రైతు సరదాకు కాల్చడం లేదు. హార్వెస్టర్ ఎత్తుగా కోస్తుంది, తర్వాతి పంటకు గడువు తక్కువ, రోటవేటర్ కిరాయి భారం. చిన్న రైతుకు యంత్రం అందనంత కాలం జరిమానా ఒక్కటే మంటలు ఆపలేదు.

ఏం చేయాలి?

1. వీలైనంత కిందికి కోయాలని హార్వెస్టర్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

2. గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించి పశువులకు వాడండి, లేదా అమ్మండి.

3. మిగిలిన కొయ్యకాళ్లకు తడి పెట్టి, ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, నాట్లకు రెండు మూడు వారాల ముందే రోటవేటర్‌తో కలియదున్నండి. ఈ భాస్వరాన్ని పంటకు వేసే మోతాదులో తగ్గించుకోండి.

4. నలుగురైదుగురు రైతులు కలిసి ఒకే రోజు రోటవేటర్ పిలిపిస్తే కిరాయి బేరమాడవచ్చు.

మీ జిల్లాలో కలెక్టర్ నిషేధ ఉత్తర్వులు ఉన్నాయేమో తెలంగాణలో వ్యవసాయ విస్తరణాధికారిని, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాన్ని కోతకు ముందే అడగండి.