అమ్మ కూలి, కొడుకు రీలు

పొద్దున్నే మైదుకూరు నాలుగు రోడ్ల కాడ నిలబడి చూడండి. ప్రొద్దుటూరు బస్సు కోసం మన వాడల పిల్లలు కాచుకోనుంటారు. అందరి తలలూ సెల్లులోనే. అదే పొద్దుకు వాళ్ల అమ్మలు పసుపు చేలల్లో నడుం వంచి ఉంటారు. ఆ కూలి డబ్బుల్లోంచే రీచార్జి!

ఇది చూసి పెద్దకులాలోళ్లు "స్కాలర్‌షిప్పులిచ్చి చదివిస్తే సెల్లు నొక్కుకుంటాండారు" అని ఎగతాళి చేస్తున్నారు. అయ్యా, మీ పిల్లోళ్లు నొక్కడం లేదా? మీవాడు ఫెయిలైతే పొలముంది, అంగడుంది, కాంట్రాక్టుంది. మావాడు ఫెయిలైతే మళ్లీ మీ చేలోకే కూలికి రావాల. ఇక స్కాలర్‌షిప్పంటారా, అది ఎవరి దయా కాదు. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉండి కొట్లాడితే 1944లో మొదలైన హక్కు.

ఈ జబ్బు దానంతటది రాలేదు. 2016 సెప్టెంబరులో జియో నెట్టును ఊరికే పంచింది. అలవాటయినాక 2017లో ధర కట్టింది. మనిషి మనసులోని బలహీనతను వాడుకునేట్టుగానే ఫేస్‌బుక్‌ను తయారుచేశామని దాని తొలి అధ్యక్షుడు షాన్ పార్కరే 2017లో ఒప్పుకున్నాడు. 1992లో దూబగుంట ఆడోళ్లు తాగినోణ్ణి తిట్టి ఊరుకోలేదు, సారా అంగడినే మూయించినారు. మనమూ పిల్లోణ్ణి తిట్టి ఊరుకుంటే చాలదు, అమ్మేటోణ్ణి నిలదీయాల.

కొందరు తల్లిదండ్రులు ఆడపిల్ల చేతిలో సెల్లు చూస్తే చాలు, చదువు మాన్పించి పెళ్లి చేస్తామంటున్నారు. అది మందు కాదు, ఇంకో సంకెల. సెల్లు మనకు పనికిరాని వస్తువూ కాదు. 2016 జనవరిలో రోహిత్ వేముల చివరి ఉత్తరాన్ని దేశమంతా చదివింది ఈ సెల్లుల్లోనే.

మా తప్పూ ఉంది. జైభీమ్ అని స్టేటస్ పెట్టి, మీటింగుకు రాని కార్యకర్తలం మాలోనూ ఉన్నాం. ముందు మేము మారాల.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రోజుకు నాలుగు గంటలంటే మూడేళ్ల డిగ్రీలో 4,380 గంటలు. అంటే రాత్రింబవళ్లు కలిపి ఆర్నెల్లు! అమ్మ ఎండలో సంపాదించి ఇచ్చిన ఆర్నెల్లను ఎవనికి ధారపోస్తున్నారు?

వాడవాడలో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా సెల్లులన్నీ ఒక బుట్టలో వేద్దాం. అంబేడ్కర్ భవనమో, చర్చి అరుగో, ఏదుంటే అక్కడ కూచుని చదువుదాం. పెద్ద చదువులు చదివినోళ్లు చిన్నోళ్లకు చెప్పండి. రాని పాఠాన్ని ఆ సెల్లులోనే వెతికి, చూసి, మళ్లీ బుట్టలో వేయండి.

మన చదువును ఒకప్పుడు బడి గడప కాడ ఆపినారు. ఇప్పుడు మన వేలితోనే మనం ఆపుకుందామా?

జై భీమ్!