చేనిలోని కాపలా కెమెరాకు ఎట్టి రికార్డరు కావలెను?

ఊరికి రెండు మూడు కిలోమీటర్ల దూరాన ఉన్న బోరు మోటారుకు రాత్రివేళ దిక్కెవరు? కేబులు కోసుకొని పోవుట, స్టార్టరు పెట్టె మాయమగుట, ట్రాన్స్‌ఫార్మరును పడగొట్టి లోపలి రాగి తీగ ఎత్తుకొని పోవుట మనము తరచు వినే సంగతులే. మడి ఎండిపోకముందే కొత్త కేబులు కొనవలెను. అప్పు చేసియైనను కొనక తప్పదు. కావున రైతులు కాపలా కెమెరాల వైపు చూచుట సహజమే. కాని, ఇంటికీ అంగడికీ అమ్మే నాలుగు కెమెరాల సెట్టునే చేనికి కూడ కొనుట సరికాదని నా అభిప్రాయము.

కారణము చెప్పెదను. వ్యవసాయ లైనులో కరెంటు లేని వేళనే దొంగ వచ్చును. కరెంటు పారుతున్న తీగను ఎవడు కోయును? అనగా మీ రికార్డరు సరిగా కరెంటు లేనప్పుడే పనిచేయవలసి యున్నది. కొనేటప్పుడు బొమ్మ ఎంత స్పష్టముగా ఉన్నదని గాక, ఎంత కరెంటు తినునని మొదట అడగండి. దుకాణములో పట్టపగలు పెద్ద టీవీ మీద చూపితే ఏ కెమెరా బొమ్మ అయినను బాగుండును.

ఒక లెక్క చూడండి. హార్డు డిస్కు గల రికార్డరు 15 వాట్లు, నాలుగు కెమెరాలు నాలుగేసి వాట్ల చొప్పున 16 వాట్లు, వెరసి 31 వాట్లు తినునని అనుకొందము. ఇరువది నాలుగు గంటలకు 744 వాట్-గంటలు. 12 వోల్టుల, 100 ఆంపియరు-గంటల బ్యాటరీలో పేరుకు 1200 వాట్-గంటలు గలవు గాని, లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచు సగానికి మించి దింపినచో త్వరగా చెడును. మిగిలినది 600. ఒక్క రోజుకే చాలదు! శ్రావణ మాసములో ముసురు పట్టి మూడు దినములు ఎండ కనబడకపోతే సోలారు ప్యానెలు మాత్రము ఏమి చేయును? అదే, లోపలనే మెమరీ కార్డు గల ఒక్క కెమెరా 5 వాట్లు తిన్నచో రోజుకు 120. ఆ బ్యాటరీయే అయిదు దినములు నడుపును. అనగా చౌక అని తెచ్చిన సెట్టుకు ఆరు రెట్లు పెద్ద బ్యాటరీ, ప్యానెలు కావలసి వచ్చును. ఆ ఖర్చు దుకాణదారు చెప్పడు.

ఇంకొక దండుగ ఇన్వర్టరు. బ్యాటరీలోని 12 వోల్టులను 230కి పెంచి, మరల అడాప్టరుతో 12కు దించుట మూలమున అయిదవ వంతు వరకు దారిలోనే పోవును. ఊరక ఉన్నను ఇన్వర్టరు తన వాటా తాను తినును. కావున బ్యాటరీకి నేరుగా తగిలించ వీలైన రికార్డరునే కొనవలెను. రెండు మూడు కెమెరాలు తప్పనిసరి అయితే, బస్సులలో, లారీలలో బిగించే మొబైల్ డి.వి.ఆర్. అనునది చూడండి. దానిలో చాలా రకాలు 8 మొదలు 36 వోల్టుల వరకు ఎంత వచ్చినను పనిచేయును. మెమరీ కార్డు మీద రాయును. ఇంటి రికార్డరు కన్న ధర కొంత హెచ్చే, అయినను చేనికి ఇదే తగినది.

ఎండ సంగతి మరువకండి. చాలా రికార్డర్లకు 55 డిగ్రీలే హద్దు. మే నెలలో రేకుల షెడ్డులో, ఇనుప పెట్టెలో మూసిపెట్టినచో అది ఆ హద్దు దాటవచ్చును. గాలి ఆడేటట్లు, నీడలో, పైనుండి కనబడని చోట పెట్టండి. దొంగ మొదట ఎత్తుకొని పోవునది రికార్డరునే. కార్డు కూడ నిరంతరము రాయుటకు తయారైన హై ఎండ్యూరెన్స్ రకము కావలెను. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాసే ఒక్క కెమెరాకు రోజుకు 22 జి.బి. పట్టును; 256 జి.బి. కార్డులో పదకొండు దినముల బొమ్మలు నిలుచును. వారమున కొకసారి చేనికి పోయేవానికి అది చాలును.

సిమ్ము గల కెమెరా అయితే ఇంటినుండే ఫోనులో చూడవచ్చును. నెలనెలా రీచార్జి, కొంత కరెంటు అదనమే. అయినను నేను దానినే కోరుదును. కాపలా మనిషి లేని చోట రికార్డరు ఎప్పుడో ఆగిపోయినను, దొంగతనము జరిగిన మరునాటి వరకు తెలియదు. రోజుకొక బొమ్మ చూచిన చాలు, పనిచేయుచున్నదో లేదో తెలియును.

గడియారమును నెలకొకసారి సరిచూడండి. తేదీ తప్పిన బొమ్మను కోర్టులో ఎదుటివారు ఊరక విడువరు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమములోని 63వ సెక్షను ప్రకారము ఇట్టి రికార్డు నకలుతోపాటు ధ్రువపత్రము కూడ ఇవ్వవలెను. కార్డు నిండగానే పాత బొమ్మలను చెరిపి కొత్తవి రాయును గనుక, నష్టము కనబడిన నాడే కావలసిన భాగమును పెన్ డ్రైవులోనికి తీసికొని, కార్డును కూడ విప్పి వేరుగా దాచి, స్టేషనుకు పొండి.