వద్దంటే ఆగేది శుద్ధే, మురుగు కాదు

పట్నం మురుగును శుద్ధి చేసి పొలాలకు ఇద్దామని ఎవరు అన్నా ఒకటే జవాబు వస్తుంది: ‘ఎంత కడిగినా మురుగు మురుగే. అన్నం పెట్టే నేలకు ఆ నీళ్లా?’ చదువుకున్నవాళ్లు, రైతు నాయకులు, నదుల గురించి నిజంగా బాధపడేవాళ్లు కూడా ఇదే మాట అంటున్నారు. ఆ మాట వెనక ఉన్న ఏవగింపు నాకు అర్థమవుతుంది. కానీ ఆ వాదన తప్పు, దానివల్ల జరిగే హాని కూడా చిన్నది కాదు. శుద్ధి చేసిన నీళ్లు వద్దన్నంత మాత్రాన మురుగు పొలానికి పోవడం ఆగదు. శుద్ధి కాకుండా పోతుంది.

మూసీ వెంట నడిచి చూస్తే ఇది తెలుస్తుంది. హైదరాబాద్ దాటగానే పీర్జాదిగూడ, పర్వతాపూర్, ప్రతాపసింగారం వైపు ఏటి ఒడ్డున పారాగడ్డి పెంచుతారు. అది కట్టలు కట్టి పట్నంలోని పాడి పశువులకు అమ్ముతారు. ఆ పాలు పట్నమే తాగుతుంది. మడుల్లో ఆకుకూరలు పండుతాయి, అవి పట్నం మార్కెట్లకే వస్తాయి. ఇంకా కిందికి పోతే వరి. పిల్లాయిపల్లి కాల్వ, ధర్మారెడ్డిపల్లి కాల్వ, భీమలింగం కత్వ (ఏటికి అడ్డంగా కట్టిన ఆనకట్ట) కింద పోచంపల్లి, భువనగిరి, వలిగొండ పల్లెల్లో వేల ఎకరాలు ఈ నీటితోనే తడుస్తున్నాయి. 1908 వరదల తర్వాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టాక మూసీలో సొంత నీరు వానాకాలంలోనే కనిపిస్తుంది. పన్నెండు నెలలూ పారేది నగరం వదిలిన నీరే. ఎండాకాలం కూడా వరి నాటే ధైర్యం ఆ రైతుకు దానివల్లే వచ్చింది.

ఆ ధైర్యానికి రైతు చెల్లిస్తున్న వెల కూడా పెద్దదే. నీళ్లలో దిగితే కాళ్లకు దురదలు, పుండ్లు. మురుగులో నత్రజని ఎక్కువ కాబట్టి యూరియా వేయకపోయినా చేను ఏపుగా పెరుగుతుంది, గింజ పట్టే వేళకు వాలిపోతుంది, తాలు పెరుగుతుంది. నులిపురుగుల గుడ్లు మట్టిలో చేరి నారు వేసే కూలీల కడుపుల్లోకి పోతాయి. ఇదంతా శుద్ధి సరిగా జరగని నీటి వల్ల వచ్చిన కష్టం. దీన్ని చూపించి శుద్ధి చేసిన నీటిని తిరస్కరించడం ఏ తర్కం?

‘మాకు నది నీళ్లు కావాలి’ అంటారు. ఏ నది? హైదరాబాద్ తాగే కృష్ణా నీరు నాగార్జునసాగర్ నుంచి వస్తుంది. ఇళ్లలో వాడిన నీటిలో ఐదింట నాలుగు వంతులు మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్ల లెక్క. ఆ మురుగు మూసీలో కలుస్తుంది. పంటలు వాడుకోగా మిగిలింది వాడపల్లి దగ్గర సాగర్‌కు దిగువన మళ్లీ కృష్ణలో చేరుతుంది. అక్కడి నుంచి పులిచింతల, ఆ తర్వాత ప్రకాశం బరాజ్. కృష్ణా డెల్టాకు, విజయవాడకు వచ్చే నీటిలో హైదరాబాద్ వాడి వదిలిన నీరూ ఉంది. మన నదుల మీద ఎగువన ఊళ్లున్నంత కాలం దిగువకు వచ్చేది ఎవరో ఒకరు వాడిన నీరే. మధ్యలో దాన్ని ఎవరు, ఎంత శ్రద్ధగా శుభ్రం చేశారన్నదే తేడా.

మన వ్యవస్థ జబ్బు ఆ శ్రద్ధ దగ్గరే ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు దాదాపు 7,237 కోట్ల లీటర్ల మురుగు పుడుతోంది. దాన్ని శుద్ధి చేయడానికి కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అయ్యేది 2,024 కోట్ల లీటర్లు. కట్టనివి సరే, కట్టినవి కూడా పూర్తిగా నడవడం లేదు. నేను దీనికి ఒక కారణం గట్టిగా చెబుతాను: ఆ నీటి కోసం కింద ఎదురుచూసే హక్కుదారు లేడు. తాగునీరు ఒక రోజు రాకపోతే కాలనీ రోడ్డెక్కుతుంది. శుద్ధి ప్లాంటులో గాలి పంపే యంత్రం నెల రోజులు ఆగినా అడిగేవాడు లేడు. కరెంటు బిల్లు తగ్గిందని లోపల సంతోషించేవాళ్లు ఉండవచ్చు. ఆ నీరు ఫలానా కాల్వ కింది ఫలానా ఆయకట్టుకు, ఫలానా నాణ్యతతో అందాలని రాతపూర్వకంగా ఉంటే ఆ ప్లాంటు ఆగినప్పుడు నిలదీసే గొంతులు వేలల్లో ఉంటాయి. పునర్వినియోగం వద్దనేవాళ్లు తెలియకుండానే ఆ గొంతులను నొక్కేస్తున్నారు.

కర్ణాటకలోని కోలారు జిల్లా అనుభవం మన పక్కనే ఉంది. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేటల్లో తెలుగు వినపడని వీధి ఉండదు. మనవాళ్ల కథ కూడా అది. జీవనది లేని జిల్లా, వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని బోర్లు, పడిన చోట ఫ్లోరైడ్. బెంగళూరులోని కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగును శుద్ధి చేసి రోజుకు 44 కోట్ల లీటర్ల దాకా కోలారు చెరువులకు తరలించే పథకం 2018లో మొదలైంది. మొదటి చెరువు లక్ష్మీసాగరంలోనే నురగ కనిపించింది. జనం భయపడ్డారు. భయపడటం న్యాయం. ఆ ఏడాది హైకోర్టు, మరుసటి ఏడాది సుప్రీంకోర్టు స్టే ఇచ్చాయి, తర్వాత తొలగించాయి. ఆ నీరు నేరుగా మడికి పోదు. చెరువు నిండి, అలుగు పారి, కింది చెరువు నిండుతుంది. భూమిలోకి ఇంకిన నీటిని రైతు బావిలోంచి, బోరులోంచి తోడుకుంటాడు. చెరువుల చుట్టుపక్కల భూగర్భ మట్టాలు పైకి వచ్చాయి. రెండు దశల శుద్ధి చాలదు, మూడో దశ కూడా చేయాలని అక్కడ ఉద్యమకారులు అడుగుతున్నారు. వాళ్లు అడుగుతున్నది సబబే, నేను వాళ్ల పక్షమే. అయితే ఆ కోరికకు అర్థం ఇంకా బాగా శుద్ధి చేయమని. చెరువులు మళ్లీ ఎండబెట్టమని కాదు.

ఇక అసలు బలమైన అభ్యంతరం మందుల కంపెనీల వ్యర్థాల గురించి. పటాన్‌చెరు దగ్గర పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో యాంటీబయాటిక్ సిప్రోఫ్లోక్సాసిన్ భయంకరమైన మోతాదులో ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ వ్యర్థజలాన్ని నగర మురుగు గొట్టాల్లో కలిపి అంబర్‌పేటలోని ప్లాంటుకు పంపే ఏర్పాటు కూడా చేశారు. ఇళ్ల మురుగును సూక్ష్మజీవులతో తినిపించి శుభ్రం చేసే ప్లాంటు రసాయనాలనూ యాంటీబయాటిక్‌లనూ నమ్మకంగా తీసేయలేదు. ఉప్పునూ తీయలేదు. ఈ విషయంలో వ్యతిరేకుల భయం అక్షరాలా నిజం. అందుకే నా డిమాండ్ వాళ్లకంటే కఠినమైనది: పరిశ్రమల నీరు ఇళ్ల మురుగులో ఒక్క చుక్క కలవకూడదు. కలిపినవాడిని పట్టుకోవాలి. ‘నీళ్లన్నీ చెడ్డవే’ అని ఊరుకుంటే రసాయనాలను దొంగచాటుగా వదిలే ట్యాంకరువాడికే లాభం, ఎందుకంటే ఇళ్లవాళ్ల బాధ్యతా అతని బాధ్యతా ఒకే మురుగులో కలిసిపోతాయి.

ఇజ్రాయెల్ తన మురుగులో పదింట ఎనిమిది పాళ్లకు పైగా సేద్యానికే మళ్లిస్తోంది. వాళ్లకూ ఉప్పు సమస్య వచ్చింది, బరువు నేలల్లో తోటలు దెబ్బతిన్నాయి. పంటకు చేటు చేసే బోరాన్ మీద కూడా బట్టలుతికే పొడుల్లో పరిమితి పెట్టారు. పొలం బాగుకోసం సబ్బు తయారీని సరిదిద్దారు. పొలం ఆ నీటి మీద ఆధారపడింది కాబట్టే సబ్బు దాకా ఆలోచన పోయింది.

జాగ్రత్తలు కూడా తెలియనివి కావు. కొత్తిమీర, పుదీనా, కీరదోస లాంటి పచ్చిగా తినేవాటికి ఈ నీరు పెట్టవద్దు. వరి, పత్తి, మల్బరీ, పూలు, చెట్లకు పెట్టవచ్చు. నీళ్లను చెరువులో కొన్నాళ్లు నిలవనిస్తే నులిపురుగుల గుడ్లు అడుక్కి చేరతాయి. కోతకు ముందు తడి ఆపాలి. చేనుకు ఎరువు ఎంత తగ్గించాలో వ్యవసాయాధికారి నీటి పరీక్ష చూసి చెప్పాలి.

ప్రత్యామ్నాయంగా చూపే నది నీళ్ల ఖర్చు గురించి ఎవరూ మాట్లాడరు. సముద్రమట్టానికి 148 మీటర్ల ఎత్తున ఉన్న ఎల్లంపల్లి నుంచి గోదావరిని 186 కిలోమీటర్లు గొట్టాల్లో నడిపించి, 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌కు ఎత్తిపోస్తున్నాం. అంత కరెంటు పోసి తెచ్చిన నీటిని ఒక్కసారి వాడి పాడుచేసి వదిలేసి, దిగువ రైతు కోసం ఇంకో ఎత్తిపోతల కావాలనడం ఏ ఖజానా మోయలేని పని.

చివరిగా ఒక హెచ్చరిక. ఈ నీరు పనికొస్తుందని తెలిసిన మరుక్షణం దాన్ని కొనడానికి పరిశ్రమలు, నిర్మాణ సంస్థలు వరుస కడతాయి. చెన్నైలో ఇప్పటికే పరిశ్రమలకు అమ్ముతున్నారు. నగరం లోపలి పరిశ్రమ నదీజలం మానేసి ఈ నీరు వాడితే మంచిదే. కానీ తరాలుగా మూసీ మురుగును భరించిన కత్వల కింది రైతుకే మొదటి హక్కు. మురుగుగా ఉన్నన్నాళ్లు అతనికి వదిలేసి, శుభ్రమయ్యాక అతని దగ్గర్నుంచి లాక్కోవడం అన్యాయం. ఇప్పుడే ఆ హక్కును జీవోలో రాయించుకోవాలి. ప్రతి కత్వ దగ్గరా, ప్రతి కాల్వ తూము దగ్గరా నెలనెలా నీటి పరీక్ష ఫలితాలు తెలుగులో బోర్డు మీద రాయమని అడగాలి. ‘ఆ నీళ్లు మాకొద్దు’ అనే తీర్మానం మీ గ్రామసభ ముందుకు వస్తే దాన్ని పక్కన పెట్టి, ‘ఆ నీళ్లు మాకు శుభ్రంగా కావాలి’ అని తీర్మానం చేయండి.