మెత్తని పాటంటే లోకువా?

మెత్తగా పాడేవాళ్ళంటే లోకానికి ఎందుకో చిన్నచూపు. గొంతు చించుకుని పాడితే ‘ఆహా’ అంటారు. సంగతుల మీద సంగతులు వేసి గిరికీలు కొట్టిస్తే ‘అబ్బో’ అంటారు. పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు పాడితే మాత్రం, ‘బాగానే వుంది లెండి, వంట చేసుకుంటూ వినడానికి పనికొస్తుంది’ అని తేల్చి పారేస్తారు. ఏమండీ, వంట చేసుకుంటూ వినేవాళ్ళం మనుషులం కామా? పొద్దున్నా సాయంత్రమూ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి తోడుండగలిగిన పాట, సభలో ముందు వరసలో కునికిపాట్లు పడేవాళ్ళ కోసం పాడిన పాటకంటే ఏ విధంగా తక్కువో ఎవరైనా చెబితే వినాలని వుంది.

నాకింత ఆవేశం తెప్పించింది ఒక ఇంగ్లీషు పాటల ఆల్బమ్. పేరు ‘ద ట్రీ ఆఫ్ ఫర్గివ్‌నెస్’. మన మాటల్లో క్షమావృక్షం అనుకోండి. 2018 ఏప్రిల్‌లో వచ్చింది. రాసి పాడినవాడు జాన్ ప్రైన్ అనే అమెరికా పాటగాడు. అప్పటికాయనకి డెబ్భై ఒకటి నిండాయి. మా అమ్మాయి కాపురం షికాగో దగ్గర. ఆయన పుట్టి పెరిగిన మేవుడ్ కూడా షికాగోని ఆనుకున్న వూరే. అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు వాళ్ళ వంటింట్లోనే విన్నాను. అవును, వంట చేస్తూనే!

అక్కడ కంట్రీ అనీ ఫోక్ అనీ రెండు బాణీలున్నాయి. పల్లెపాటా, జానపదమూ అనుకుంటే మనకి సరిపోతుంది. ఒక గిటారూ, ఒక కథా, ఆ కథ చెప్పడానికో మనిషీ వుంటే చాలు. ప్రైన్ తల్లిదండ్రులు కెంటకీ రాష్ట్రంలో బొగ్గుగనుల వైపు నుంచి వలస వచ్చినవాళ్ళు. ఆ వూరి పాటలు ఇంట్లో వినబడుతూనే వుండేవి. ఈయనగారు పోస్టుమాన్ ఉద్యోగం చేశాడు. సంచీ భుజాన తగిలించుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మనసులో పాటలు కట్టుకునేవాడు. 1971లో మొదటి ఆల్బమ్ వచ్చింది. అందులో ‘ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గామరీ’ అని ఒక పాట వుంది. ఆ పాటలో మాట్లాడేది మగవాడు కాదు, వయసు మళ్ళిన ఒక ఇల్లాలు. ఇంట్లో మొగుడున్నా మాటల్లేవు, వంటింట్లో ఈగల మోత తప్ప పలకరింపు లేదు. పాతికేళ్ళు నిండని కుర్రాడు ఆవిడ మనసులోకి ఎలా దూరాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే. గుమ్మంలో నిలబడి ఉత్తరం అందించేవాడికి, ఆ ఉత్తరం పుచ్చుకునే చెయ్యీ ముఖమూ కూడా కనిపించి వుండాలి. తర్వాత 1974లో బానీ రైట్ అనే గాయని ఆ పాట పాడితే లోకమంతా పాకింది.

సరే, ఈ ఆల్బమ్ సంగతి. అంతకుముందు పదమూడేళ్ళుగా ఆయన కొత్త పాటల ఆల్బమ్ తేలేదు. సగం రాసి వదిలేసిన పాటలు పెట్టెల నిండా మూలుగుతున్నాయి. చివరికి ఆయన భార్య ఫియోనా, కొడుకూ కలిసి, ఆ పెట్టెల్నీ గిటార్లనీ ఆయననీ నాష్‌విల్‌లో ఒక హోటలు గదిలో వారం రోజులు పెట్టారు. పాటలు పూర్తయితేగాని ఇంటికి రాకండి అన్నట్టు! మగవాళ్ళ గొప్ప పనుల వెనక గొళ్ళెం పెట్టే చెయ్యి ఒకటి వుంటుందని మనకి తెలియనిదా?

మా మరిదికి కాస్త సంగీతజ్ఞానం వుంది. కాస్తే వుంది గనక ఎక్కువ మాట్లాడతాడు. రెండు పాటలు విని, “ఇదేం గొంతు వదినా, గరగరలాడుతోంది! పాడుతున్నాడా, మాట్లాడుతున్నాడా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ గరగర వెనక సంగతి ఇదీ. 1998లో ఆయనకి మెడమీద క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు, రేడియేషన్ ఇచ్చారు. మెడ ఆకారమే మారిపోయింది, గొంతు కిందికి దిగిపోయింది. పాత పాటలన్నీ శ్రుతి తగ్గించి పాడుకోవలసి వచ్చింది. 2013లో మళ్ళీ క్యాన్సరే, ఈసారి ఊపిరితిత్తి. అందులో కొంతభాగం తీసేశారు. ఇంకొకరైతే సన్మానాలు చేయించుకుంటూ కూర్చునేవారు. ఈయన మళ్ళీ వేదికెక్కాడు. పైగా, పడుచుతనపు గొంతుకంటే ఈ గొంతే తనకి నచ్చిందని చెప్పుకున్నాడు. అందులో డాంబికమేమీ లేదు. మంచి నేతచీర ఉతికినకొద్దీ మెత్తబడి ఒంటికి అతుక్కున్నట్టు, ఆ మాట ఆ గొంతుకి అతుక్కుంటుంది. పోటీల్లో పిల్లల గొంతులు ఎంత ఎత్తుకి వెళ్ళాయో కొలిచి మార్కులేసే జడ్జీల కొలబద్దకి ఇది అందదు.

మెత్తనివాడు గనక పదును లేనివాడు అనుకుంటారేమో! 1971 ఆల్బమ్‌లోనే ‘శామ్ స్టోన్’ వుంది. యుద్ధంనుంచి మత్తుమందు అలవాటుతో ఇంటికొచ్చిన సిపాయి కథ. అందులో పిల్లలు అన్నీ చూస్తూనే వుంటారు. ఇప్పటి ఆల్బమ్‌లో ‘సమ్మర్స్ ఎండ్’ అనే పాట వుంది. వేసవి వెళ్ళిపోతోంది, ఇంటికి రా అని పిలిచే పాట. అంతే. తిట్టు లేదు, నినాదం లేదు. కాని దానికి తీసిన వీడియోలో ఒక తాతా, ఒక మనవరాలూ వుంటారు. ఆ పిల్ల తల్లి నొప్పిమాత్రల మత్తుకి బలైపోయింది. నలభై ఏడేళ్ళ తేడాతో అదే దుఃఖం, ఇంకో ఇంట్లో. అరిచి చెప్పివుంటే మనం చెవులు మూసుకుని ఊరుకునేవాళ్ళం. ఆ పిలుపు మాత్రం లోపలికి వచ్చి కూర్చుంటుంది.

‘బౌండ్‌లెస్ లవ్’ అనే ఇంకో పాటలో తన ముసలి గుండెని బట్టలుతికే మెషీన్‌తో పోల్చాడు! గుండెని తామరమొగ్గతో పోల్చిన కవుల్ని చూశాం, రాతితో పోల్చినవాళ్ళనీ చూశాం. గడగడ కొట్టుకుని కొట్టుకుని చివరికి మురికి వదిలించే ఆ యంత్రాన్ని కవిత్వంలోకి తేవాలంటే ఇంట్లో దాని చప్పుడు వినివుండాలి. మహాకవుల్లో ఎందరు విన్నారో?

పదికి పదీ ముత్యాలని అనను. ప్లూటోకి గ్రహం హోదా పోయినందుకు ఒక వేళాకోళం పాట వుంది, నాకైతే రెండోసారి వినబుద్ధి కాలేదు. కాని వున్న పది పాటలూ కలిపి అరగంట పైచిలుకే. అన్నం ఉడికి, పప్పు తిరగమోత పెట్టేలోపు అయిపోతాయి. ఈ ‘వంటింటి పాటలే’ బిల్‌బోర్డ్ పట్టికలో అయిదో స్థానానికి ఎక్కాయి. దాదాపు యాభైయేళ్ళు పాడిన మనిషికి అంత పైస్థానం అదే మొదటిసారి.

ఇక ‘ఈ వయసులో కృష్ణా రామా అనుకోక ఈ పాటలేమిటి’ అనేవాళ్ళున్నారు. వాళ్ళకోసమే కాబోలు ఆఖరి పాట రాశాడు. స్వర్గానికి వెళ్ళాక ఏం చేస్తాడో చెప్పే పాట అది. దేవుడితో చెయ్యి కలిపి, డాక్టర్లు మాన్పించిన సిగరెట్టు వెలిగిస్తాడట, అదీ తొమ్మిది మైళ్ళ పొడవున్నది. క్షమావృక్షం పేరుతో ఒక క్లబ్బు తెరుస్తాడట. తనకి కీడు చేసినవాళ్ళందరినీ క్షమిస్తాడట. ఆ తర్వాత అమ్మనీ నాన్ననీ పోయిన అన్నదమ్ముణ్ణీ వెతుక్కుంటూ, అమ్మ అక్కచెల్లెళ్ళందరి దగ్గరికీ వెళతాడు. అంటే మన లెక్కలో పెద్దమ్మలూ పిన్నులూ! స్వర్గానికి వెళ్ళి రంభా ఊర్వశుల్ని అడిగినవాళ్ళ కథలు బోలెడు విన్నాం గాని, పిన్నిని చూడాలన్న మగవాడు నాకింతవరకూ తగల్లేదు. నవ్వుతూ పాడినా ఆ చోట నాకు గొంతు పట్టేసింది. రెండేళ్ళు తిరక్కుండానే, 2020 ఏప్రిల్ 7న, కోవిడ్ ఆయన్ని నాష్‌విల్‌లో తీసుకుపోయింది. డెబ్భై మూడేళ్ళు.

ఆ క్లబ్బుకి కొందరు విమర్శకుల్ని కూడా పిలుస్తానన్నాడు లెండి, నేనిక్కడ రాయలేని ఒక తిట్టు తిట్టి మరీ. మా మరిదికి ఆ పాట వినిపించాను. విమర్శకుల దగ్గర నవ్వాడు. సిగరెట్టు దగ్గర మాత్రం ముఖం చిట్లించుకున్నాడు.